కోటగోడల నడుమ దాసుల దాసుడు: పేతురు క్లావర్ జీవితము

శతవార్షికోత్సవము జరుపుకొనే సంఘము వెనుదిరిగి చూసుకొనుట సహజము. పునాదిరాయి వేసినదెవరు, గోపురము కట్టించినదెవరు, గంటను బహూకరించినదెవరు అనే సంగతులు మన పాత పుస్తకములలో దొరుకుతాయి. ఆ రాళ్లు మోసినదెవరు, సున్నము దంచినదెవరు అని అడిగితే జవాబు చెప్పగలవారు తక్కువ. ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని, ఈ సంచిక కొరకు మేము ఒక దూరదేశపు కోట నగరమును, అందులో దాదాపు 40 ఏండ్లు పరిచర్య చేసిన ఒక దైవసేవకుని చరిత్రను ఎన్నుకొన్నాము. ఆ నగరము దక్షిణ అమెరికాలో కొలంబియా దేశమునకు చెందిన కార్తహేనా. ఆ సేవకుడు పేతురు క్లావర్. స్పెయిను భాషలో పేద్రో క్లావేర్ అంటారు.

ఆయన రోమను కతోలిక సంఘములోని జెస్యూటు సభకు చెందిన గురువు. పరిశుద్ధులను వేడుకొనే ఆచారము మన సంఘములో లేదు. అయినను క్రీస్తు ప్రేమను క్రియలలో చూపినవారి జీవితము ఏ ఒక్క శాఖకో చెందినది కాదు, అది సార్వత్రిక సంఘమంతటి స్వాస్థ్యము. ఆ భావముతోనే చదువరులు ఈ వ్యాసమును స్వీకరించవలెనని కోరుచున్నాము.

నగరము, దాని గోడలు

కరీబియను సముద్రపు ఒడ్డున, ఓడలు నిలుచుటకు అనువైన ఒక పెద్ద అఖాతము ప్రక్కన, 1533లో పేద్రో దె ఎరేదియా అనే స్పెయిను దేశస్థుడు కార్తహేనా నగరమును స్థాపించాడు. దక్షిణ అమెరికా సంపద స్పెయినుకు పోవుటకు, స్పెయిను సరకులు ఈ ఖండమునకు వచ్చుటకు ఇది ముఖ్యమైన రేవు అయింది. మొదట ఇండ్లు కర్రతోను ఆకులతోను కట్టుకొన్నారు. 1552లో గొప్ప అగ్నిప్రమాదము సంభవించి నగరము కాలిపోయింది. అటుపిమ్మట రాతితో, ఇటుకతో, పెంకుతోనే కట్టవలెనని కట్టడి చేశారు.

ధనమున్న చోటికి దొంగలు రాక మానరు. 1586లో ఆంగ్ల నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ ఓడలతో వచ్చి నగరమును పట్టుకొన్నాడు. వారముల తరబడి అక్కడే తిష్ఠవేసి, ఇండ్లను కాల్చివేసి, చివరకు లక్షకు పైగా డ్యూకట్ల నాణెములు విమోచన ధనముగా తీసికొని గాని వెళ్లలేదు. ఈ దెబ్బతో కండ్లు తెరచిన రెండవ ఫిలిప్ రాజు, బౌతిస్తా ఆంతోనెల్లీ అనే ఇటలీ ఇంజనీరును కరీబియను రేవులను పటిష్ఠము చేయుటకు పంపాడు. ఆంతోనెల్లీ పథకము వేయగా, ఆయన తరువాత ఆయన బంధువైన క్రిస్టోబాల్ దె రోదా 1600ల తొలి దశాబ్దములలో గోడల పని ముందుకు నడిపాడు. సముద్రపు పగడపు రాయిని ప్రక్క ద్వీపములలో తవ్వి తెచ్చారు. సున్నపు బట్టీలు పెట్టారు. బురుజు తరువాత బురుజు లేచింది. పని ఆగుతూ సాగుతూ సుమారు 200 ఏండ్లు జరిగి 1790లలో ముగిసింది. గోడల పొడవు మొత్తము దాదాపు 11 కిలోమీటర్లు అంటారు.

ఆ రాళ్లను మోసినవారెవరు? ఖైదీలు, కూలీలు, అందరికంటె ఎక్కువగా ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన బానిసలు. స్పెయిను రాజ్యములో బానిసలను దింపుటకు అనుమతి పొందిన రేవులు బహు కొద్ది. వాటిలో కార్తహేనా మొదటి వరుసలోనిది. 1595 నుండి 1640 వరకు పోర్చుగీసు వర్తకులు రాజు నుండి గుత్త పుచ్చుకొని గినీ తీరము నుండి, అంగోలా నుండి మనుష్యులను ఇక్కడికి చేరవేశారు. సంకెళ్లతో, ఓడ అడుగుభాగపు చీకటిలో, నెలల ప్రయాణము. దారిలో చనిపోయినవారిని సముద్రములో పడవేసేవారు. బ్రదికి వచ్చినవారిని కొట్లలో ఉంచి, తిండి పెట్టి, నూనె రాసి, సంతలో నిలబెట్టి అమ్మేవారు. శత్రువు లోపలికి రాకుండ కట్టిన గోడలే, లోపలికి తెచ్చినవారు బయటకు పోకుండ కూడ నిలిచాయి.

రైతు కుమారుడు

పేతురు క్లావర్ 1580లో స్పెయిను దేశము కటలోనియా ప్రాంతములో వెర్దూ అనే గ్రామమున ఒక రైతు కుటుంబములో జన్మించారు. బార్సెలోనాలో చదువుకొని, 1602లో జెస్యూటు సభలో చేరారు. స్వభావరీత్యా ఆయన సంకోచి. పెద్ద పండితుడు కాడు, వాగ్ధాటి గలవాడు కాడు. తాను గురుత్వమునకు తగినవాడనా అని చాల కాలము వెనుకాడినవాడు.

తత్వశాస్త్రము చదువుటకు ఆయనను మయోర్కా ద్వీపములోని కళాశాలకు పంపారు. అక్కడ ఆయనకు దొరికిన నిజమైన గురువు ఆచార్యుడు కాదు, ఆ కళాశాల ద్వారపాలకుడు. అతని పేరు అల్ఫోన్సు రొద్రీగెజ్. ఒకప్పుడు బట్టల వర్తకుడు. భార్యను, పిల్లలను పోగొట్టుకొని, వ్యాపారము చెడి, నడివయస్సులో సభలో సామాన్య సహోదరునిగా చేరినవాడు. తలుపు తట్టిన ప్రతివానిని ప్రభువే వచ్చినట్లు ఎంచి తలుపు తీయుట అతని సాధన. ఈ వృద్ధునితో యౌవనుడైన క్లావర్ సాయంకాలములందు మాట్లాడుచుండేవారు. సముద్రమునకు అవతల లెక్కలేని ఆత్మలు నశించుచుండగా ఇక్కడ ఊరకుండుట తగదని అల్ఫోన్సు ఆయనను ప్రోత్సహించాడు. వీరిరువురు కలిసి గడిపినది సుమారు మూడేండ్లు మాత్రమే. 1610లో క్లావర్ ఓడ ఎక్కారు. మరల స్వదేశమునకు తిరిగి రాలేదు.

ఆయన కార్తహేనాలో దిగిన 1610వ సంవత్సరమందే అక్కడ మతవిచారణ న్యాయస్థానము కూడ నెలకొల్పబడింది. క్లావర్ లోతట్టున బొగోతా నగరములో వేదాంతశాస్త్రము చదివి, తరువాత కార్తహేనాకు తిరిగి వచ్చి, 1616లో గురువుగా అభిషేకము పొందారు.

రేవులో పరిచర్య

ఈ పనికి దారి వేసినవారు మరొకరు ఉన్నారు. అలోన్సో దె సండోవాల్ అనే జెస్యూటు గురువు 1605 నుండి కార్తహేనాలో బానిసల మధ్య పని చేస్తూ, ఆఫ్రికా ప్రజల భాషలను, ఆచారములను శ్రద్ధగా విచారించి 1627లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించారు. క్లావర్ ఈయన వద్ద పని నేర్చుకొన్నారు. గురువు గ్రంథము వ్రాసారు, శిష్యుడు రేవునకు వెళ్లారు అని క్లుప్తముగా చెప్పవచ్చును.

బానిస ఓడ కనబడినదని వార్త వస్తే క్లావర్ చిన్న పడవలో ఎదురు వెళ్లేవారు. ఆయన చేతిలో మొదట ఉండినది గ్రంథము కాదు. నిమ్మపండ్లు, నారింజలు, రొట్టె, పొగాకు, బ్రాందీ గల సంచి. తెల్లవారు తమను చంపి తింటారనియో, తమ కొవ్వుతో నూనె తీస్తారనియో ఆ దిక్కులేనివారు భయపడేవారు. అటువంటివారికి ముందుగా కావలసినది ధైర్యము, త్రాగుటకు నీళ్లు, పుండ్లకు కట్టు. ఓడ అడుగున గాలి ఆడని చోట, ఆరోగ్యవంతులు సహితము నిలువలేని దుర్గంధములో, ఆయన మొదట మరణావస్థలో ఉన్నవారి వద్దకు, తరువాత రోగుల వద్దకు, పసిపిల్లల వద్దకు వెళ్లేవారు. తన పై అంగీ తీసి రోగి క్రింద పరిచేవారు, నగ్నముగా ఉన్నవారికి కప్పేవారు. ఆ అంగీని ఒక్క దినములోనే పలుమార్లు ఉతకవలసి వచ్చేదని సాక్షులు చెప్పారు.

బోధ తరువాత వచ్చేది. అప్పుడు ఆయన ప్రక్కన దుబాసీలు నిలబడేవారు. అంగోలా దేశస్థుడు ఆంద్రేస్ సకబూచే వారిలో ఒకడు. కలెపీనో అనే మరొకనికి పదికి పైగా ఆఫ్రికా భాషలు వచ్చునని చెప్పుకొనేవారు. బొమ్మలు చూపించి, సంజ్ఞలు చేసి, దుబాసీ నోట మాట పలికించి ఆయన సువార్త చెప్పేవారు. బాప్తిస్మము ఇచ్చిన పిదప ఒక్కొక్క గుంపులోని వారందరికి ఒకే పేరు పెట్టేవారు, మరచిపోకుండ ఉండుటకు. తన జీవితకాలములో ఆయన 3,00,000 మందికి బాప్తిస్మము ఇచ్చినట్లు పరంపరగా చెప్పబడుచున్నది.

1622లో తన చివరి దీక్షను స్వీకరించినప్పుడు ఆయన ప్రమాణ పత్రముపై సంతకము చేస్తూ, తాను నల్లవారికి ఎల్లప్పటికి దాసుడనని తన పేరు ప్రక్కన లాటిను భాషలో వ్రాసుకొన్నారు. అది అలంకారపు మాట కాలేదు. ఆరాధన రోజులలో పాపసంకీర్తనమునకు ఆయన వద్ద మొదటి వరుస బానిసలది. గొప్ప ఇంటి స్త్రీలు వారి వెనుక వేచి ఉండవలెను, లేక వేరొక గురువును చూచుకొనవలెను. బానిసలతో ఆలయము కంపు కొట్టుచున్నదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన తన వరుస మార్చలేదు.

ఊరి వెలుపల కొండ మొదట సెయింట్ లాజరు పేరిట కుష్ఠురోగుల ఆశ్రమము ఉండేది. అక్కడికి తరచుగా వెళ్లి, వారి ఇండ్లు బాగుచేయించి, దోమతెరలు, మందులు, తిండి సంపాదించి ఇచ్చేవారు. మరణశిక్ష పడిన ఖైదీలతో చివరి నడక నడిచేవారు. పల్లెలకు బయలుదేరి, లోగడ తాను బాప్తిస్మమిచ్చినవారిని తోటలలోను గనులలోను వెదకి పలకరించేవారు. అప్పుడు యజమానుని పెద్ద ఇంట్లో గాక బానిసల గుడిసెలోనే బస చేసేవారు.

మనము తప్పించుకొనలేని ప్రశ్న

ఇంతవరకు చెప్పి ఆపితే వ్యాసము తియ్యగా ఉంటుంది, కాని సత్యము సగమే అవుతుంది. క్లావర్ బానిసలకు దాసుడైనారు గాని బానిసత్వమును పాపమని ఖండించలేదు. సండోవాల్ బానిస వర్తకములోని మోసమును, యజమానుల క్రూరత్వమును గట్టిగా ఎత్తి చూపారు గాని బానిసత్వమే ఉండకూడదని వ్రాయలేదు. అంతకంటె బాధాకరమైన సంగతి ఏమనగా, క్లావర్ ప్రక్కన నిలిచిన ఆ దుబాసీలు సహితము స్వతంత్రులు కారు. వారు జెస్యూటు కళాశాల వెలపెట్టి కొన్న బానిసలు.

ఆ కాలమునకు అంతకు మించిన వెలుగు లేదని చెప్పి సరిపెట్టుకొనలేము. క్లావర్ మరణించిన 27 ఏండ్లకే, 1681లో, క్యూబాలోని హవానాలో ఫ్రాన్సిస్కో హోసే దె హాకా, ఎపిఫానే దె మ్వారాన్ అనే ఇద్దరు కపూచిను సన్యాసులు బానిసలను విడిచిపెట్టవలెనని, వారి కష్టమునకు కూలి చెల్లించవలెనని బహిరంగముగా బోధించారు. వారిని బంధించారు, ఆ దేశము నుండి పంపివేశారు. కాబట్టి ఆ వెలుగు అసలు లేకపోలేదు, దాని వెల చెల్లించుటకు ముందుకు వచ్చినవారే కొద్దిమంది.

దీనివలన క్లావర్ సేవ వ్యర్థమైనదని మేము తలంచము. దాహముతో చచ్చువానికి ఆ దినమున నీళ్లు కావలెను, చట్టము మారువరకు అతడు ఆగలేడు. అయితే పుండు కట్టుట ఒక పరిచర్య, పుండు చేసిన చేతిని పట్టుకొనుట మరొక పరిచర్య. ఒకటి చేసి రెండవది చేయకపోతే ఓడలు వస్తూనే ఉంటాయి. క్లావర్ ఉన్న దినములన్నిటిలో ఓడలు వస్తూనే ఉన్నాయి.

చివరి నాలుగేండ్లు

1650 తరువాత కార్తహేనాలో తెగులు వ్యాపించింది. క్లావర్ కూడ జబ్బుపడ్డారు. ప్రాణము దక్కింది గాని కాలుచేతులు వణుకు పట్టి స్వాధీనము తప్పాయి. పూజ చేయలేరు, తమంత తాము తినలేరు. సండోవాల్ 1652లో గతించారు. తెగులుతో అల్లాడుచున్న నగరము, ఎవరికి తీరిక లేని కళాశాల ఆ ముసలివానిని దాదాపు మరచిపోయాయి.

ఆయన పనులు చూచుటకు ఒక బానిస యువకుని నియమించారు. ఆ యువకుడు ఆయనను మోటుగా లాగేవాడు, అన్నము సరిగా పెట్టేవాడు కాదు, ఒక్కొక్కప్పుడు తానే తినివేసేవాడు. క్లావర్ ఎవరితోను ఫిర్యాదు చేయలేదు. తన పాపములకు ఇది తగినదేనని ఎంచి మౌనముగా సహించారు. జీవితచరిత్రకారులు సాధారణముగా ఇక్కడ ఆయన సహనమును మెచ్చుకొంటారు. ఆ మెప్పు న్యాయమే. అయితే ఆ యువకుని వైపు కూడ చూడవలెనని మాకు తోచుచున్నది. అతడు తన ఇష్టము మీద ఆ గదిలోనికి రాలేదు. బానిసత్వము దాసుల దాసుని గదిలోనికి సహితము వచ్చి, మంచము ప్రక్కనే కూర్చున్నది.

1654 సెప్టెంబరు 8వ తేదీన ఆయన ప్రభువునందు నిద్రించారు. అవసాన కాలమని తెలియగానే జనము విరుచుకొనిపడింది. గదిలోని వస్తువులను జ్ఞాపకార్థము తీసికొనిపోగా ఖాళీ గోడలు మిగిలాయి. ఆలయములో కంపు అన్న నగరమే సొంత ఖర్చుతో ఘనముగా భూస్థాపన చేసింది.

కొన్నేండ్లకు ఆయన జీవితమును గూర్చి సంఘ విచారణ జరిగినప్పుడు, సాక్ష్యము చెప్పుటకు వచ్చినవారిలో ఆ దుబాసీలు ఉన్నారు. ఆంద్రేస్ సకబూచే ప్రమాణము చేసి తాను చూచినదంతయు చెప్పాడు. ఓడ అడుగుభాగపు సంగతి, పై అంగీ సంగతి నేడు మనకు తెలియుచున్నవంటే అందుకు ముఖ్య కారణము బానిసలు ఇచ్చిన ఆ వాఙ్మూలమే. 1888లో పదమూడవ లియో పోపు క్లావర్‌ను పునీతునిగా ప్రకటించారు. అదే దినమున మయోర్కా ద్వారపాలకుడైన అల్ఫోన్సు కూడ పునీతునిగా ప్రకటించబడ్డాడు.

గోడలు నిలిచిన విధము

నగరపు కథ అక్కడితో ఆగలేదు. 1697లో ఫ్రెంచివారు కార్తహేనాను కొల్లగొట్టారు. 1741లో ఆంగ్ల సేనాని వెర్నన్ 180కి పైగా ఓడలతో వచ్చి, గోడల ముందు ఓడి మరలిపోయాడు. 1811 నవంబరు 11న నగరము స్పెయిను నుండి స్వాతంత్ర్యము ప్రకటించుకొన్నది. ఆ దినమున ముందుకు దూకినవారు గెత్సెమనే అనే పేటలోని చేతిపనివారు, నల్లవారు, మిశ్రజాతివారు. 1815లో స్పెయిను సైన్యము మూడు నెలలకు పైగా ముట్టడి వేయగా, శత్రువును ఆపుటకు కట్టిన గోడల లోపల వేలమంది ఆకలితో చనిపోయారు. బానిసత్వమును రద్దు చేసే చట్టము కొలంబియాలో 1851లో వచ్చింది.

తరువాత గోడలకే గడ్డుకాలము దాపురించింది. 1800ల చివరి భాగము నుండి సుమారు 40 ఏండ్లు, రైలుమార్గమునకు, కొత్త వీధులకు చోటు కావలెనని, గాలి ఆడదని చెప్పి కొన్ని బురుజులను, గోడ భాగములను కూల్చివేశారు. 1924లో చట్టము ద్వారా ఈ కూల్చివేతను నిషేధించి, సంరక్షణ భారము స్థానిక పౌరసంఘమునకు అప్పగించారు. 1984లో యునెస్కో ఈ రేవును, కోటలను, కట్టడములను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1992లో అక్కడ ఒక శిక్షణ పాఠశాల ఆరంభమైంది. పేద కుటుంబముల యువతీ యువకులు అందులో రాతిపని, సున్నపుపని, వడ్రంగము నేర్చుకొంటారు. ఆ తరువాతి కాలములో కోటగోడల సంరక్షణ బాధ్యతను కూడ ఆ పాఠశాలకే అప్పగించారు. నాడు నిర్బంధముగా మోసిన రాయిని నేడు కూలి పుచ్చుకొనే స్వతంత్రులు సరిచేయుచున్నారు. ఇది మాకు గొప్ప సంతోషము కలిగించిన సంగతి.

క్లావర్ నివసించిన కళాశాల భవనము కూడ నిలిచియున్నది. 1767లో జెస్యూటులను స్పెయిను రాజు వెళ్లగొట్టిన తరువాత అది ఆసుపత్రిగా ఉపయోగపడింది. నేడు అది మ్యూజియము. ప్రక్కనున్న ఆలయములో బలిపీఠము క్రింద ఆయన అస్థికలు ఉన్నాయి. 2017 సెప్టెంబరులో పోపు ఫ్రాన్సిస్ అక్కడ ప్రార్థించారు. సెప్టెంబరు 9వ తేదీని, అనగా క్లావర్ పండుగ దినమును, కొలంబియా ప్రభుత్వము 1985లో జాతీయ మానవ హక్కుల దినముగా ప్రకటించింది. కొంచెము దూరములో, పూర్వము బానిసలను అమ్మిన బహిరంగ స్థలములో నగర స్థాపకుడు ఎరేదియా విగ్రహము నిలిచియున్నది. గోడల అందము చూడవచ్చే యాత్రికుల వలన అద్దెలు పెరిగి, గెత్సెమనే పేటలోని పాతకాపులు అనేకులు ఇండ్లు విడిచి పోవలసి వచ్చింది. రాయిని కాపాడుట సులువు, రాయి ప్రక్కన బ్రదికేవారిని కాపాడుట కష్టము.

ముగింపు

ప్రియ సంఘస్థులారా, నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము ఒకసారి తెరచి చూడుడి. యెరూషలేము ప్రాకారములో ఏ భాగమును ఎవరు బాగుచేశారో పేరు పేరున వ్రాసియున్నది. అందులో ప్రధాన యాజకుడు ఉన్నాడు, కంసాలి ఉన్నాడు, ఒకని కుమార్తెలు కూడ ఉన్నారు. కార్తహేనా గోడలకు అటువంటి అధ్యాయము లేదు. మోసినవారి పేర్లు ఎవరు వ్రాయలేదు. ఒక సకబూచే, ఒక కలెపీనో వంటి కొద్ది పేర్లు మిగిలినవంటే, ఒక గురువు వారి ప్రక్కన నిలిచినందున, ఆయనను గూర్చి వారు నోరు విప్పినందున మిగిలినవి.

మన మేత్రాసనము నూరేండ్లు నిండినది. ఆలయములకు వెల్ల వేస్తాము, కారుచున్న కప్పులు బాగుచేస్తాము. అది చేయవలసిన పనియే. దానితోపాటు ప్రతి సంఘములోని వృద్ధుల యొద్ద కూర్చుండి, ఆ ఆలయమునకు రాళ్లు మోసినవారి పేర్లు, నీళ్లు మోసిన తల్లుల పేర్లు అడిగి వ్రాయుదము. వారిలో ఎవరినైనను వెనుక బల్లలలో కూర్చుండబెట్టి యుంటిమేమో అదికూడ దాచక వ్రాయుదము. నేడు మన తలుపు తట్టువారికి మొదటి వరుస ఇచ్చుచున్నామా అని మనలను మనము పరీక్షించుకొందము. వారికి రొట్టె ఇచ్చుటతో ఆగక, వారిని ఆకలికి గురిచేసినదేదో దానిని కూడ ప్రశ్నించుదము.

మధ్యగోడను పడగొట్టిన ప్రభువు ఈ రెండవ నూరేండ్లలో మన చేతులను తన పనికి వాడుకొనును గాక. ఆమేన్.